ఫిలింనగర్ మాటల్లో ఉప్పూ కారం

తెలుగు సినిమా బాగోగులు చెప్పే మాటల్లో చాలాభాగం వంటింట్లోంచి వచ్చినవే. మొదటి ఆట చూసి బయటికొచ్చిన ప్రేక్షకుడు ‘చప్పగా ఉంది’ అంటే, ప్రదర్శన హక్కులు కొన్న బయ్యరు ‘మసాలా తగ్గింది’ అంటాడు. అదే సినిమాను సమీక్షకుడు ‘పాత చింతకాయ పచ్చడి’ అని తేల్చేస్తాడు. విడుదలకు ముందు నిర్మాత మాత్రం అది ‘ఫుల్ మీల్స్’ అని ప్రకటించి ఉంటాడు. జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో, ఫిలింనగర్ స్టూడియోల్లో, కృష్ణానగర్ టీకొట్ల దగ్గర వినిపించే ఈ మాటలకు నాలుక మీది అర్థం ఒకటి, వృత్తిలో వాడుక అర్థం మరొకటి. ఈ రెండో అర్థాలు ఒక్కరోజులో పుట్టలేదు. అలంకారశాస్త్రం, మద్రాసు స్టూడియోలు, హిందీ సినిమా, హైదరాబాదు ఉర్దూ, చివరికి సెల్‌ఫోను వీటికి ఒక్కో పొర చేరుస్తూ వచ్చాయి.

రసం నుంచి రుచి దాకా

నాటకాన్ని నాలుకతో కొలవడం మన దేశంలో కొత్త కాదు. భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసమంటే ఏమిటో చెప్పడానికి భోజనాన్నే ఉదాహరణగా తీసుకుంది. రకరకాల వ్యంజనాలు, ఓషధులు, ద్రవ్యాలు కలిసినప్పుడు తినేవాడికి రుచి ఎలా పుడుతుందో, రకరకాల భావాలు కలిసినప్పుడు చూసేవాడికి రసం అలా అందుతుందని అక్కడి వాదం. ఆయుర్వేదం చెప్పే రసాలు ఆరు: మధురం, ఆమ్లం, లవణం, కటువు, తిక్తం, కషాయం. తెలుగింట అవే తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. నాట్యశాస్త్రం చెప్పిన రసాలు ఎనిమిది. తర్వాతి ఆలంకారికులు శాంతాన్ని చేర్చడంతో తొమ్మిదయ్యాయి. వైద్యుడికీ నాట్యాచార్యుడికీ ఒకే మాట సరిపోయింది.

ఆ మాట తెలుగులో పెద్ద సంసారమే పెట్టింది. సరసం పరిహాసానికీ ప్రణయానికీ పేరైంది. రసాభాస శాస్త్రంలో అనౌచిత్యానికి పేరు కాగా, పత్రికల్లో గొడవతో ముగిసిన సభకు పేరైంది. ‘రసవత్తరం’ కావ్యప్రశంస నుంచి జారి ఎన్నికల పోరుకూ క్రికెట్ మ్యాచికీ విశేషణమైంది. రసం లేకపోవడమనే నీరసం ఒంట్లో ఓపిక లేకపోవడంగా మారింది. సినిమా సమీక్షల్లో ‘కథ నీరసంగా సాగింది’ అన్నప్పుడు పాత అర్థమే మళ్లీ తొంగిచూస్తుంది. అన్నిటికంటే వింత ప్రయాణం విరసానిది. 1943లో తెనాలిలో ఏర్పడిన అభ్యుదయ రచయితల సంఘం పొడి అక్షరాల్లో అరసం అయింది. 1970లో హైదరాబాదులో పుట్టిన విప్లవ రచయితల సంఘం విరసం అయింది. రుచి చెడడమని నిఘంటువు చెప్పే మాటను ఒక సాహిత్యోద్యమం జెండాగా ఎత్తుకుంది.

సినిమా ఈ సంసారంలోంచి తనకు కావలసినవి తీసుకుంది. ‘నవరసాలూ ఉన్న చిత్రం’ అన్నది దశాబ్దాలుగా ప్రకటనల్లో నలిగిన మాట. ‘అభిరుచి గల నిర్మాత’ అన్నది సినీపత్రికల మర్యాదవాక్యం. లాభం కంటే మంచి సినిమాకు విలువిచ్చేవాడని దాని భావం. అదే ఆఫీసులో మాట్లాడుకునేటప్పుడు ‘టేస్టున్న ప్రొడ్యూసర్’ అవుతుంది. తెలివైన శ్రోత ఆ మాటలో మరో సూచన కూడా పట్టుకుంటాడు: సినిమా బాగానే తీస్తాడు, డబ్బులొస్తాయని మాత్రం చెప్పలేం.

మద్రాసులో ఘాటు

1930ల నుంచి 1970ల దాకా తెలుగు సినిమాకు మద్రాసే ఇల్లు. వాహిని, విజయ, ఏవీఎం లాంటి స్టూడియోలు, త్యాగరాయనగర్ ఇళ్లు, పాండీబజారు పేవుమెంట్లు ఆ లోకానికి హద్దులు. మాటలు రాసేవారిలో చాలామంది రంగస్థలం నుంచి వచ్చినవారు. పద్యనాటకం భాష వారి చేతికి అలవాటు. వంటింటి మాటను ఆ గ్రాంథిక వాసన పక్కన కూర్చోబెట్టి నవ్వించడం, మురిపించడం వారిలో కొందరికి బాగా తెలుసు.

వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు పింగళి నాగేంద్రరావు. కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళ భైరవి’ (1951) పాటలో ఆయన ప్రేమకు ‘ఘాటు’ అనే విశేషణం తగిలించారు. అప్పటిదాకా ప్రేమ అమరం, మధురం, పవిత్రం. ఘాటు మాత్రం వంటింటిది, సంతది. కారం నాలుకకు తగిలేదైతే ఘాటు ముక్కుకెక్కేది. ఎండుమిరపకాయలు వేగేటప్పుడు, ఆవపిండి కలిపేటప్పుడు, పొగాకు నలిపేటప్పుడు వచ్చేది. దాన్ని వెన్నెల్లో పాడే యుగళగీతంలో పెట్టడం ఆ రోజుల్లో సాహసమే. పాట నిలిచింది, ప్రయోగమూ నిలిచింది.

ఆ తర్వాత ఘాటు దారి మూడు పాయలైంది. ప్రేమలోని తీవ్రత అనే పింగళి అర్థం పాటల్లో మిగిలింది. సినీవారపత్రికలు ‘ఘాటైన సన్నివేశాలు’ అని రాయడంతో సెన్సారు కత్తెరకు దగ్గరగా వచ్చే శృంగారమనే అర్థం ఏర్పడింది. రాజకీయ వార్తలు ‘ఘాటైన విమర్శ’, ‘ఘాటు లేఖ’ అనే వాడుకను స్థిరపరిచాయి. ఒకే పత్రికలో సినిమా పేజీలోని ఘాటుకూ మొదటి పేజీలోని ఘాటుకూ సంబంధం లేకపోయినా పాఠకుడు తికమకపడడు.

‘మాయాబజార్’ (1957)లో పింగళి మరో అడుగు వేశారు. అసమదీయులు, తసమదీయులు, దుష్టచతుష్టయం, వీరతాళ్లు, గింబళి లాంటి మాటలను రాక్షసుల నోట, పరివారం నోట పెట్టారు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు రావన్న భావాన్ని ఘటోత్కచుడి చేతే చెప్పించారు. అదే సినిమాలో ఎస్.వి. రంగారావు పెళ్లివంటకాల ముందు కూర్చుని ఆరగించే పాట తిండిని తెరమీద ఒక పాత్రను చేసింది. పుట్టించిన మాట, వడ్డించిన విందు రెండూ ఒకే సినిమాలో కలవడం యాదృచ్ఛికమే అయినా, తెలుగు సినిమా భాష తర్వాత నడిచిన రెండు దారులు అవే.

మసాలా ప్రవేశం

తెలుగువంటలో మిరియం, ధనియం, జీలకర్ర, ఇంగువ వంటి వాటికి పాత పేరు సంబారాలు. మసాలా అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చింది. మూలంలో దానికి దినుసులు, సామగ్రి అని అర్థం. తెలుగిళ్లలో చాలాకాలం మసాలా అంటే మాంసం వండే రోజుకు, పెళ్లికి, పండక్కి పరిమితమైన సంగతి. రోజూ తినే పప్పూ పులుసుకు అది అక్కర్లేదు. మసాలాకూర అంటే రుచి ఎక్కువ, అరుగుదల తక్కువ అన్న లోకజ్ఞానం ఆ మాట వెంటే వచ్చింది.

1970లలో హిందీ సినిమా ఆ మాటను ఎత్తుకుంది. నాసిర్ హుస్సేన్ ‘యాదోంకీ బారాత్’ (1973), మన్మోహన్ దేశాయ్ సినిమాలు ప్రేమ, పగ, తప్పిపోయిన అన్నదమ్ములు, పాటలు, ఫైట్లు, హాస్యం ఒకే కథలో కలిపాయి. ఆ తరహాకు ‘మసాలా సినిమా’ అన్న పేరు స్థిరపడింది. తెలుగులో అదే దశాబ్దంలో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో ఎన్టీఆర్ నటించిన ‘అడవి రాముడు’ (1977) వాణిజ్య సినిమా లెక్కనే మార్చేసింది. ఆరు పాటలు, నాలుగు ఫైట్లు, ఒక కామెడీ ట్రాక్ అన్న కొలత బయ్యర్ల నోట పాఠంలా మారింది.

మసాలాకు తెలుగులో జతపడ్డ క్రియ ‘దట్టించు’. తుపాకీలో మందు దట్టిస్తారు, సినిమాలో మసాలా దట్టిస్తారు. ఆ క్రియలోనే తీర్పు ఉంది: పట్టే చోటుకన్నా ఎక్కువ కూరడం. అందుకే మసాలా ఒకే నోట పొగడ్తా తెగడ్తా అవుతుంది. ‘మాస్ మసాలా’ అని పోస్టరు మీద వేస్తే వసూళ్లకు హామీ. ‘మసాలా సినిమా’ అని సమీక్షలో రాస్తే కథ లేదని ఫిర్యాదు. ఆ మాటే 2013లో వెంకటేశ్, రామ్ నటించిన సినిమాకు పేరుగా మారింది. తెగడ్తను పేరుగా పెట్టుకునేంత ధీమా అప్పటికి పరిశ్రమకు వచ్చేసింది.

హైదరాబాదు కలిపిన మాటలు

అమీర్‌పేటలో సారథి స్టూడియో 1950ల చివర్లో మొదలైంది. పూర్తిగా హైదరాబాదులోనే తీసిన మొదటి తెలుగు సినిమాగా పేరున్న ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో 1976 జనవరిలో బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది. జూబ్లీహిల్స్ రాళ్లగుట్టల మీద కృష్ణ కుటుంబం పద్మాలయ స్టూడియో, దగ్గుబాటి రామానాయుడు ఫిలింనగర్ కొండమీద తన స్టూడియో నిర్మించారు. ఫిల్మ్ చాంబర్, నటీనటుల ఇళ్లు, డబ్బింగ్ థియేటర్లు ఆ చుట్టుపక్కలే వెలిశాయి. 1990లు వచ్చేసరికి మద్రాసు నుంచి వలస దాదాపు పూర్తయింది. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, అవకాశం కోసం ఊళ్లనుంచి వచ్చినవారు కొండ దిగువన కృష్ణానగర్‌లో, ఇందిరానగర్‌లో స్థిరపడ్డారు. ఆ జీవితాన్ని పూరీ జగన్నాథ్ ‘నేనింతే’ (2008)లో కథగా తీశారు.

వలస వచ్చినవారి వెంట కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వంటిల్లు వచ్చింది. అప్పటికే ఇక్కడ ఉన్నది దక్కనీ ఉర్దూ, తెలంగాణ తెలుగు కలిసిన నగరం. ఒకరి గోంగూర, ఆవకాయల పక్కన మరొకరి బిర్యానీ, పచ్చిపులుసు చేరాయి. ఆ కలయికకు సినిమాపేర్లే సాక్ష్యం. ‘ఆవకాయ్ బిర్యానీ’ (2008) రెండు వంటిళ్లనూ ఒకే పేరులో పెట్టింది. మలయాళ ‘సాల్ట్ ఎన్ పెప్పర్’ను ప్రకాశ్‌రాజ్ తెలుగులో తీసినప్పుడు దానికి ‘ఉలవచారు బిర్యానీ’ (2014) అని పేరుపెట్టారు. ఉప్పు, మిరియాల జంటకు బదులు కోస్తా చారు, హైదరాబాదు బిర్యానీ జంటకట్టాయి.

తెలంగాణ యాసలో చప్పగా ‘సప్పగ’ అవుతుంది. చాలాకాలం తెరమీద ఆ యాస హాస్యగాడికో ప్రతినాయకుడికో పరిమితమైంది. 2010ల రెండో సగం నుంచి నాయకానాయికలే ఆ యాసలో మాట్లాడటం పెరిగాక, దానితోపాటు తిండి మాటలూ తెరకెక్కాయి. వేణు యెల్దండి తీసిన ‘బలగం’ (2023)లో అన్నాచెల్లెళ్ల కుటుంబాలు ఏళ్ల తరబడి మాట్లాడుకోకపోవడానికి మొదటి కారణం విందులో వడ్డించని నల్లి బొక్క. మూలుగు ఉన్న ఆ ఎముక అల్లుడి మర్యాదకు కొలత. వడ్డనలో లోపం అంటే మర్యాదలో లోపమన్న సంగతి కోస్తా ప్రేక్షకుడికి విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

ఆరు రుచులు, ఆరు కొలువులు

సినిమా వాడుకలో ఎక్కువ పని దొరికింది కారానికి. ఈ మాట సంస్కృత ‘క్షారం’ నుంచి వచ్చింది. మిరపకాయ పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో వచ్చేదాకా తెలుగునాట కారమంటే ముఖ్యంగా మిరియమే. కొత్తగా వచ్చిన కాయకు పేరు కూడా మిరియం పోలికతోనే వచ్చింది. కోపం పట్టలేనివాడు ‘కారాలు మిరియాలు నూరడం’లో ఇప్పటికీ ఆ రెండూ జంటగా ఉన్నాయి. మోసం చేయడం ‘కళ్లలో కారం కొట్టడం’. తెలుగులో కారం ఒక రుచి పేరే కాదు, డబ్బాలో ఉండే పొడి కూడా: నల్లకారం, వెల్లుల్లి కారం, కరివేపాకు కారం. కంటికి కనిపించే వస్తువు కాబట్టే పోస్టరు మీద సులువుగా కూర్చుంది.

1965లో ఆదుర్తి సుబ్బారావు కొత్త నటులతో తీసిన సినిమా ‘తేనె మనసులు’. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి పెద్ద హీరోల సినిమాల పేర్లు ‘మిరపకాయ్’ (2011), ‘మిర్చి’ (2013), ‘గుంటూరు కారం’ (2024). మనసు తియ్యగా ఉండాలన్న కాలం పోయి, మనిషి మండాలన్న కాలం వచ్చింది. మిర్చి ఉర్దూ, హిందీల మాట. కానీ ఎండుమిరప వ్యాపారంలో, బజ్జీల బండి మీద అది తెలుగు మాటగానే చలామణీ అవుతోంది. గుంటూరు మిర్చియార్డు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటిగా పేరుపడింది. అందుకే ‘గుంటూరు కారం’ అనగానే ఊరు, సరుకు, స్వభావం మూడూ ఒక్క దెబ్బకు తెలుస్తాయి. హీరో ఎలాంటివాడో చెప్పడానికి అంతకంటే పొట్టి వాక్యం కుదరదు.

ఉప్పుకు పౌరుషం, విశ్వాసం అప్పగించారు. ‘ఉప్పూకారం తినే మనిషివేనా’ అని అడిగితే రోషం ఉందా అని అడిగినట్టు. ‘ఉప్పు తిన్న ఇల్లు’ అంటే రుణం మరవకూడదని. పల్లెటూరి నాటకీయ సినిమాల్లో నమ్మిన బంటు మాటలకు ఈ రెండో అర్థమే ఇరుసు. జానపద కథల్లో రాజు వేసే భయంకరమైన శిక్ష ఉప్పుపాతర. 2025లో వచ్చిన ‘ఉప్పు కప్పురంబు’ తన పేరును వేమన పద్యం మొదటి మాటల నుంచి తీసుకుంది. పైకి ఒకేలా కనిపించేవాటిని రుచి చూసి తేడా తెలుసుకోమన్నది ఆ పద్యభావం. నాలుకను తీర్పరిగా కూర్చోబెట్టడం తెలుగులో ఎంత పాతదో ఆ పేరు గుర్తుచేస్తుంది.

తీపి సినిమా ప్రచారానికి దక్కింది. విడుదల తేదీ ప్రకటిస్తే ‘అభిమానులకు తీపికబురు’. మనసు నొప్పించని ప్రేమకథ ‘తియ్యని ప్రేమకథ’. కానీ తీపికి ఎదురు అర్థాలూ ఉన్నాయి. హిట్టు కొట్టినవాడి చుట్టూ చేరేవాళ్లు బెల్లం చుట్టూ ఈగలు. ఏమడిగినా పెదవి విప్పని మనిషి, ఏ భావమూ పలకని నటుడి మొహం ‘బెల్లం కొట్టిన రాయి’. రోజంతా బెల్లం కొట్టినా రాయికి రుచి తెలియదన్న పాత పరిశీలన కెమెరా ముందు నిలబడ్డ నటుడికి ఇంతకంటే కచ్చితంగా సరిపోయేది కాదు.

పులుపు తెరమీద మాటకన్నా సంజ్ఞగా ఎక్కువ పనిచేసింది. కథానాయిక పచ్చిమామిడికాయో చింతకాయో కొరికితే గర్భవతి అని ప్రేక్షకుడు గ్రహించాలి. వేవిళ్ల గురించి నోరు విప్పి చెప్పకుండా ఇంటిల్లిపాదికీ తెలిసేలా చేసే ఆ సంకేతం దశాబ్దాల పాటు తప్పకుండా పనిచేసింది. మాటల్లో మాత్రం పులుపు వయసు మీద పడింది. ‘చింత చచ్చినా పులుపు చావలేదు’ అన్న సామెత మనవల వయసు నాయికలతో స్టెప్పులేసే నాయకుడి మీద గుసగుసగా వినిపిస్తుంది. పులిసిపోవడం చెడిపోవడానికి పర్యాయమైంది. పులిసిన కథ, పులిసిన డైలాగు అంటే నిన్నటివని.

చేదు దగ్గర సినిమా జాగ్రత్తగా ఉంటుంది. ‘చేదు అనుభవం’, ‘చేదు నిజం’ వార్తల్లో తరచు కనిపిస్తాయి. సినిమా మాటల్లో మాత్రం చేదు మాత్రలా వస్తుంది, దాని మీద చక్కెరపూత ఉండాలి. సందేశాత్మక చిత్రాన్ని పొగిడే వాక్యం ఎక్కువగా ఆ పూత గురించే: సందేశం ఉంది, అయినా వినోదం తగ్గలేదని. ఇక వగరు. పొగరుతో ప్రాస కుదరడం తప్ప ఆ రుచికి సినిమాలో నికరమైన కొలువు లేదు. ఉగాది పచ్చడిలో మామిడిపిందె వాటాగా ఏటా అందరూ తినేదే అయినా, ఏ సినిమా వగరుగా ఉందని ఎవరూ అనరు. వసూళ్లు తెచ్చే భావాలకే రుచులు పేర్లిచ్చాయి. ఆ జాబితాలో చోటులేని రుచి మూలన పడింది.

చప్పదనం, పచ్చడి, పులిహోర

ఆరు రుచులూ లేని స్థితి చప్పదనం. ఉప్పు తగలని తిండి చప్పిడి. జ్వరపడ్డవాడికి చప్పిడి పథ్యం పెడతారు. సినిమాకు ఇంతకంటే గట్టి శిక్ష లేదు. బాగాలేని సినిమాను తిట్టడానికైనా జనం చూస్తారు. చప్పగా ఉన్న సినిమాను తిట్టేవాడు కూడా ఉండడు. అందుకే మార్నింగ్ షో టాక్‌లో బయ్యరు భయపడేది ‘బాగాలేదు’కు కాదు, ‘చప్పగా ఉంది’కి.

కథ తయారీని వంటగా చెప్పడం పరిశ్రమలో సర్వసాధారణం. స్టోరీ సిట్టింగుల్లో కూర్చుని కథను ‘వండి వారుస్తారు’. పేరున్న రచయిత దగ్గర కొత్తవాడి ‘పప్పులుడకవు’. తొందరపడి రాసుకున్న సీను ‘ఉడకలేదు’ అనిపించుకుంటుంది. చురుకుదనం లేని పాత్ర ముద్దపప్పు. ఫైట్ సీనులో ప్రత్యర్థిని ‘పచ్చడి చేస్తా’ననడం పాత బెదిరింపు. తీసిపారేయడానికి ‘తొక్కలో సినిమా’ అంటే చాలు. పండు తిన్నాక పారేసే భాగమది.

ఈ మాటల్లో వంటింటి అర్థానికి పూర్తిగా ఎదురు తిరిగినది ‘పాత చింతకాయ పచ్చడి’. గింజ ముదరని చింతకాయలను కడిగి ఆరబెట్టి, ఉప్పు, పసుపు వేసి రోట్లో దంచుతారు. ఈనెలు, గింజలు తీసేసి జాడీలో అదిమి, గాలి తగలకుండా మూత పెడతారు. కావలసినప్పుడు ముద్ద తీసి, పచ్చిమిర్చో ఎండుమిర్చో చేర్చి నూరి, ఇంగువ తాలింపు పెడతారు. ఏడాది దాటినకొద్దీ రంగు నలుపెక్కుతుంది, పులుపు మెత్తబడుతుంది. నోరు చెడినవాడికి పాతదే కావాలి. ఇంట్లో పాతబడడం గొప్పైన ఆ పచ్చడి, సినిమా సమీక్షలో పాతబడిన నేరానికి పేరైంది. జాడీలోంచి తీసిన ముద్దను ప్రతిసారీ కొత్తగా నూరి తాలింపు పెడతారన్న సంగతి ఆ మాట వాడేవారు వదిలేశారు. నిజానికి పాత కథతో విజయం సాధించిన దర్శకులు చేసింది ఆ తాలింపు పనే.

ఇటీవలి కాలపు పంట ‘పులిహోర’. పులి అంటే పులుపు. గుడి ప్రసాదంగా, పెళ్లివిందుగా దానికున్న గౌరవం తెలిసిందే. 2010లలో కుర్రకారు మాటల్లో, సామాజిక మాధ్యమాల్లో, టీవీ హాస్య కార్యక్రమాల్లో ‘పులిహోర కలపడం’ అంటే అమ్మాయితో మాట కలిపి మెప్పించే ప్రయత్నం చేయడమయింది. అందులో ఆరితేరినవాడు ‘పులిహోర రాజా’. పోలిక తేలికగానే అందుతుంది. అన్నం ఆరనివ్వాలి, పులుసు కొద్దికొద్దిగా పోయాలి, మెతుకు విరగకుండా చేత్తో నెమ్మదిగా కలపాలి. తొందరపడితే ముద్దవుతుంది. ఈ మాట సినిమా పుట్టించి జనానికిచ్చింది కాదు. జనం నోటినుంచి సినిమా తీసుకుంది. పింగళి కాలానికీ ఈ కాలానికీ మాటల రాకపోకల దిశ మారిందనడానికి ఇదో గుర్తు.

పుట్టించిన భాషలు

సినిమా కోసం ఏకంగా భాషనే తయారుచేయడం ప్రపంచంలో ఇప్పుడు వింత కాదు. అమెరికన్ భాషావేత్త మార్క్ ఓక్రాండ్ 1984లో వచ్చిన మూడో ‘స్టార్ ట్రెక్’ సినిమా కోసం గ్రహాంతర యోధులైన క్లింగాన్ల భాషను పూర్తిస్థాయిలో రూపొందించారు. 1985లో దాని నిఘంటువు వచ్చింది. 1997లో ఆయనే రాసిన మరో పుస్తకం ఆ జాతి తిండి, దానికి సంబంధించిన మాటలు, వారి వాడుకభాషలోని దొంగమాటల దాకా వెళ్లింది. వంట లేకుండా జాతి లేదని, వాడుకలో వంకర అర్థాలు లేకుండా భాష లేదని అక్కడ గుర్తించారు.

తెలుగు సినిమాలో దానికి దగ్గరి బంధువు కిలికి. ఎస్.ఎస్. రాజమౌళి ‘బాహుబలి: ది బిగినింగ్’ (2015)లో కాలకేయుల కోసం తమిళ గీతరచయిత మదన్ కార్కి దీన్ని తయారుచేశారు. అంతకుముందు పిల్లల కోసం సరదాగా అల్లుకున్న చిన్న భాష దానికి మూలమని ఆయన చెప్పారు. సినిమా నాటికి దానికి సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నాయి. కాలకేయ నాయకుడిగా ప్రభాకర్ ఆ భాష పలికిన తీరు పిల్లల ఆటల్లోకి వెళ్లింది. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం రోజున, కిలికికి లిపితో సహా విస్తరించిన రూపాన్ని విడుదల చేశారు.

క్లింగాన్‌లో, కిలికిలో ఏ మాటకు ఏ అర్థమో ముందుగా ఒకరు కూర్చుని నిర్ణయించారు. ఫిలింనగర్ రుచిమాటలకు అలాంటి కర్త లేడు. ‘చప్పగా’ అన్న తీర్పును ఎవరు మొదట సినిమాకు వాడారో తేలదు. పింగళి ‘ఘాటు’ ఒక్కటే ఈ రెండింటి నడుమ నిలబడుతుంది: కర్త ఉన్నాడు, వస్తువు మాత్రం అందరి వంటింటిది. ఆయన కల్పించిన మాటల్లో అసమదీయులు రాజకీయ వ్యాసాల్లో బతికింది. ఘాటు మాత్రం రోజువారీ నోళ్లలో కలిసిపోయింది. కల్పితమైన మాట నిలవాలంటే సినిమా గుర్తుండాలి. వంటింటి మాట నిలవడానికి రోజుకు రెండుసార్లు పొయ్యి వెలిగితే చాలు.

రాసిపెట్టవలసిన పదకోశం

ఈ మాటలకు ఉన్న ప్రమాదం వాడుక తగ్గడం కాదు, పొరలు చెరిగిపోవడం. 1951లో ఘాటు ఎందుకు కొత్తగా వినిపించిందో, మసాలా పక్కన సంబారం ఎందుకు వెనకబడిందో, పాత చింతకాయ పచ్చడి ఇంట్లో ఎందుకు పొగడ్తో తెలిసిన తరం మద్రాసు నుంచి వచ్చిన తరం. జాడీ పచ్చడి ఇళ్లలో తగ్గినకొద్దీ తిట్టు మిగిలి పోలిక పోతుంది.

తెలుగులో ఇలాంటి పనికి మంచి నమూనా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదలుపెట్టి, 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం తెచ్చింది. పొలానికీ మగ్గానికీ వెళ్లి, పనిచేసేవారి నోటినుంచే మాటలు సేకరించి, ఏ జిల్లాలో ఏమంటారో రాసిపెట్టిన పని అది. సినిమా కూడా తొంభై ఏళ్లు దాటిన తెలుగు వృత్తి. కాల్షీట్, బత్తా, ప్యాకప్ లాంటి పనిమాటలతో పాటు చప్పదనం, ఘాటు, మసాలా, పులిహోర లాంటి తీర్పు మాటలనూ తేదీలతో, ప్రయోగాలతో నమోదు చేసే సంపుటం ఆ వరసలో రావాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, ఫిల్మ్ చాంబర్ కలిసి కూర్చుంటే అది అసాధ్యమైన పనేమీ కాదు. మద్రాసు రోజులు చూసిన పెద్దలు ఉండగానే మొదలుపెట్టవలసిన పని.